టెక్సాస్ ఏ అండ్ ఎమ్ గేమ్‌కి ఫ్యామిలీతో: కాలేజ్ స్టేషన్ వీకెండ్ ఎలా ప్లాన్ చేసుకోవాలి

మీరు అడిగినవి రెండు. ఫ్రిస్కో నుంచి శనివారం పొద్దున్నే కాలేజ్ స్టేషన్‌కి బయల్దేరి టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్ చూసుకుని రాత్రికే వెనక్కొచ్చేయొచ్చా అని, ఎలాగూ వెళ్తున్నాం కదా లాంగ్‌హార్న్స్‌తో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ టీమ్) ఆడే పెద్ద గేమ్‌కే వెళ్తే పోలా అని. మీతో వచ్చేది గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు, ఆరేళ్ళ బాబు, అక్కడ మీ తమ్ముడు ఎమ్మెస్ చేస్తున్నాడు. నా సమాధానం రెండింటికీ వద్దనే అండి. నేను అక్కడే చదువుకున్నా, ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉంటున్నా, ఇండియా నుంచి ఎవరొచ్చినా ఫాల్‌లో అయితే అక్కడికి తీసుకెళ్ళడం మా ఇంట్లో అలవాటైపోయింది, అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఏ గేమ్ అన్నది తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే. టెక్సాస్‌తో గేమ్ అంటే మామూలు గొడవ కాదు. 2011 తర్వాత ఆగిపోయిన పోటీ అది, ఏ అండ్ ఎమ్ వాళ్ళు 2012లో ఎస్ఈసీ అనే కాన్ఫరెన్స్‌లోకి, అంటే వేరే లీగ్‌లోకి వెళ్ళిపోయారు, టెక్సాస్ కూడా 2024లో అదే కాన్ఫరెన్స్‌కి వచ్చాక మళ్ళీ మొదలైంది. ఆ ఏడాది నవంబర్ 30న వీళ్ళ స్టేడియం కైల్ ఫీల్డ్‌లో 1,09,028 మంది ఉన్నారు. స్టేడియం కెపాసిటీ 1,02,733, ఊరి జనాభా చూస్తేనేమో 2020 లెక్కల్లో లక్షా ఇరవై వేలు. అంటే ఇంచుమించు ఇంకో ఊరు వచ్చి ఈ ఊళ్ళో కూర్చున్నట్టే, ఆ రోజు హోటల్ గానీ పార్కింగ్ గానీ టికెట్ గానీ ఏదీ మన చేతిలో ఉండదు, ఒక్కో టికెట్‌కే వందల డాలర్లు, అందరికీ కలిపితే ఆ డబ్బుతో ఫ్లోరిడా వెళ్ళి రావచ్చు. ఫుట్‌బాల్ అంటే ఏంటో తెలియని పెద్దవాళ్ళని తీసుకెళ్ళడానికి అది అవసరమా చెప్పండి. ఎల్ఎస్‌యూ, అలబామా లాంటి పెద్ద టీములతో ఆడే గేములు కూడా అంతే.

నా మాట వింటే నవంబర్ మధ్యలో ఆడే చిన్న గేమ్ చూసుకోండి. ఎస్ఈసీ టీముల్లో చాలావాటికి ఇదో అలవాటు, సీజన్ చివర్లో పెద్ద పోటీకి ముందు ఒక చిన్న స్కూల్‌ని పిలిచి ఆడతారు, డబ్బులిచ్చి మరీ. ఏ అండ్ ఎమ్ అయితే 2023లో అబిలీన్ క్రిస్టియన్‌తో, 2024లో న్యూ మెక్సికో స్టేట్‌తో, 2025లో శాంఫర్డ్‌తో అలాగే ఆడింది, శాంఫర్డ్‌ని 48-0 కొట్టారు. ఆటలో సస్పెన్స్ ఏమీ ఉండదు, ఒప్పుకుంటా. కానీ మీవాళ్ళు చూడాల్సింది సస్పెన్స్ కాదు, బ్యాండూ కవాతూ ఆ జనమూ, అవి ఏ గేమ్‌కైనా అవే. టికెట్ చవక, ఎండ తగ్గుతుంది, ఇటు మన స్కోర్ ఎక్కువ కాబట్టి బాబుకి గంతులెయ్యడానికి ఛాన్సులూ ఎక్కువ. సెప్టెంబర్‌లో కూడా చిన్న గేములుంటాయి గానీ సెంట్రల్ టెక్సాస్ సెప్టెంబర్ ఎండలో అల్యూమినియం బెంచీ మీద మధ్యాహ్నం మూడున్నర గంటలంటే గుంటూరు మనిషి కూడా అబ్బా అంటారు, పెద్దవాళ్ళకి అస్సలు వద్దు.

ఇక కిక్ఆఫ్ టైమ్. చాలామందికి తెలియనిది ఏంటంటే గేమ్ తేదీ ముందే ఉంటుంది గానీ కచ్చితమైన టైమ్ టీవీ వాళ్ళు చెప్తేనే తెలుస్తుంది. ఈమధ్య సమ్మర్‌లోనే పొద్దునా, మధ్యాహ్నమా, రాత్రా అని ఒక అంచనా ఇస్తున్నారు, కొన్నిటికి మాత్రం మధ్యాహ్నం గానీ రాత్రి గానీ అని వదిలేస్తారు, అసలు టైమ్ పన్నెండు రోజుల ముందు, ఒక్కోసారి ఆరు రోజుల ముందే వస్తుంది. అందుకని టైమ్ తెలియకముందే "శనివారం రాత్రి డల్లాస్‌లో ఫలానావాళ్ళింట్లో డిన్నర్" లాంటివి ఒప్పుకోకండి. పదకొండింటి గేమ్ అయితే రెండున్నరకల్లా అయిపోతుంది, రాత్రి గేమ్ అయితే మైదానం బయటికొచ్చేసరికే పదిన్నర పదకొండు, ఆ పైన పార్కింగ్‌లోంచి కారు కదలడానికి ఇంకో గంట, ఆ తర్వాత మూడున్నర గంటల డ్రైవ్, అదీ చీకట్లో జింకలు అడ్డమొచ్చే రోడ్ల మీద. అందుకే ఒక్కరోజు ట్రిప్ వద్దన్నది. ఇంకో కారణం కూడా ఉంది, ఈ ఊళ్ళో అసలైన హడావిడి శుక్రవారం రాత్రే మొదలవుతుంది, అది చూడకుండా గేమ్ ఒక్కటే చూసొస్తే సగమే చూసినట్టు.

హోటల్ సంగతి. గేమ్ వీకెండ్‌లో రెండు రాత్రులు తీసుకుంటేనే ఇస్తాం అంటారు చాలామంది, మామూలు రోజు వంద, నూట ఇరవై ఉండే రూమ్‌కి మూడు నాలుగు రెట్లు అడుగుతారు, క్యాన్సిల్ చేస్తే డబ్బులు రావు అనే షరతు కూడా పెడతారు, అది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది చూసుకోండి. చిన్న గేమ్ అయితే ఇంత దారుణంగా ఉండదు. బ్రయాన్ పక్కనే అతుక్కుని ఉన్న ఊరు, అక్కడ కూడా వెతకండి. అక్కడా లేకపోతే దక్షిణాన నవసోటా, ఉత్తరాన హెర్న్, రెండూ అరగంట లోపు. బ్రెన్హమ్ కాస్త దూరం, నలభై మైళ్ళు, కాకపోతే బ్లూ బెల్ ఐస్‌క్రీమ్ ఊరు అది, 1907 నుంచి అక్కడే, బాబుకి అదొక ఆశ. తమ్ముడి అపార్ట్‌మెంట్‌లో సర్దుకుందాం అనుకుంటారేమో, మీరూ మీవారూ బాబూ అయితే ఓకే, కానీ నలుగురు కుర్రాళ్ళు ఉండే రెండు బెడ్‌రూమ్‌ల ఇంట్లో పెద్దవాళ్ళకి బాత్‌రూమ్ దగ్గరే ఇబ్బంది అవుతుంది, వాళ్ళకి మాత్రం హోటలే తీసుకోండి. ఇంకోటి, ఆ అపార్ట్‌మెంట్లలో విజిటర్ పర్మిట్ లేకుండా కారు పెడితే లాక్కెళ్ళిపోతారు, గేమ్ వీకెండ్‌లో టో ట్రక్కులు అదే పని మీద తిరుగుతుంటాయి, దిగగానే తమ్ముణ్ణి పర్మిట్ అడగండి.

టికెట్లు. మీ తమ్ముడికి స్పోర్ట్స్ పాస్ (స్టూడెంట్లు గేముల కోసం కొనుక్కునే పాస్) ఉంటే వాడి టికెట్ వాడు స్టూడెంట్ సైడ్ తీసుకుంటాడు. అక్కడ గేమ్ వారంలో టికెట్ 'పుల్' చెయ్యడం అని ఒక పద్ధతుంది, సోమవారం సీనియర్లకీ గ్రాడ్ స్టూడెంట్లకీ, మంగళవారం జూనియర్లకీ, ఇలా రోజుకొక క్లాస్‌కి, అంటే ఎమ్మెస్ వాళ్ళకి మొదటి రోజే వస్తుంది. మన పిల్లలు చాలామంది అసైన్‌మెంట్ హడావిడిలో అది వదిలేసి గురువారం పరిగెత్తి పైన ఎక్కడో మూలకి సీటు తెచ్చుకుంటారు. మీరు మీవారు వాడితో కలిసి గెస్ట్ టికెట్ మీద స్టూడెంట్ సైడ్ కూర్చోవాలనుకుంటే, సారీ, కూర్చోవడం అనకూడదు, నిలబడాలనుకుంటే బాగుంటుంది. అక్కడ స్టూడెంట్లు గేమ్ అయ్యేదాకా నిలబడే ఉంటారు. దీనికో కథ ఉంది. 1922 జనవరి 2న డల్లాస్‌లో సెంటర్ కాలేజ్‌తో ఆడుతుంటే ఏ అండ్ ఎమ్ ఆటగాళ్ళు ఒక్కొక్కరే దెబ్బలు తగిలి బయటికొచ్చేస్తున్నారు, కోచ్ డానా బైబుల్ పైన ఉన్న ఈ. కింగ్ గిల్ అనే కుర్రాణ్ణి పిలిచి డ్రెస్ వేసుకోమన్నాడు, వాడు వేసుకుని చివరిదాకా సైడ్‌లైన్ మీద నిలబడ్డాడు, ఆడాల్సిన అవసరం రాలేదు, వీళ్ళు 22-14తో గెలిచారు. పదకొండు మందికి తోడుగా పన్నెండోవాడు రెడీగా ఉన్నాడు అని దాని అర్థం, వందేళ్ళ తర్వాత కూడా పిల్లలు అందుకే నిలబడతారు. మామయ్యగారికి ఈ కథ కార్లో చెప్పండి, మన పెద్దవాళ్ళకి ఇలాంటివి బాగా నచ్చుతాయి, మా నాన్నగారైతే అక్కడ ఆ గిల్ విగ్రహం దగ్గర ఫోటో దిగేదాకా కదల్లేదు.

కానీ అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి అన్నారు కాబట్టి వాళ్ళకీ బాబుకీ వేరే టికెట్లు కొనండి, పడమటి వైపు స్టాండ్‌లో. స్టేడియం ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది, మధ్యాహ్నం దాటాక సూర్యుడు పడమటి స్టాండ్ వెనక్కి దిగిపోతాడు కాబట్టి అటు కూర్చున్నవాళ్ళకి నీడ, తూర్పు వైపు స్టూడెంట్లకి మొహం మీదకే ఎండ. మూడో డెక్ చవకగా దొరుకుతుంది గానీ నిటారుగా ఉంటుంది, కళ్ళు తిరిగేవాళ్ళకి పనికిరాదు, కింద డెక్‌లో మరీ ముందు వరసల్లోనూ కాకుండా నడవకి దగ్గరగా చూసుకోండి, ఇరవై ముప్ఫై ఎక్కువైనా పర్లేదు. పెద్దవాళ్ళు మెట్లు అస్సలు ఎక్కలేరంటే వీల్‌చైర్ ప్లాట్‌ఫామ్ పక్కన సీట్లు ఉంటాయి, అవి ముందే అడగాలి. చిన్న గేమ్‌కి రీసేల్ సైట్లలో గేమ్ వారంలో రేట్లు పడిపోతాయి, తొందరపడి ఆగస్టులో కొనక్కర్లేదు. బాబుకి టికెట్ రూల్ కొనేముందే చూసుకోండి. టికెట్లన్నీ ఫోన్లోనే, లక్ష మంది ఒకేసారి ఫోన్లు తీస్తే గేట్ దగ్గర నెట్ పనిచెయ్యదు, అందుకని ఇంటి దగ్గరే వాలెట్‌లో పెట్టుకోండి, అత్తయ్యగారి ఇండియా నంబర్ ఫోన్‌కి టికెట్ పంపించే ప్రయోగాలు వద్దు, అందరివీ ఒక్క ఫోన్లో పెట్టుకుని వరసగా స్కాన్ చేయిస్తే సరిపోతుంది.

బ్యాగ్ రూల్ గురించి అత్తయ్యగారికి గట్టిగా చెప్పండి. అటూ ఇటూ కనిపించే ప్లాస్టిక్ బ్యాగే తేవాలి, 12 అంగుళాలు, 6, 12 సైజు దాటకూడదు, లేదంటే ఒక గ్యాలన్ జిప్‌లాక్ కవర్. దాంతో పాటు అరచేతంత పర్సు ఒకటి ఓకే. హ్యాండ్‌బ్యాగులూ, టిఫిన్ డబ్బాలూ గేట్ దగ్గరే ఆపేస్తారు, మళ్ళీ కారు దాకా నడవాలంటే మైలు పైనే. ఒకసారి బయటికెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరు కూడా. మందులుంటే ఆ కవర్లోనే పెట్టుకోండి. పులిహోర, పెరుగన్నం చేసుకెళ్ళండి, తప్పకుండా చేసుకెళ్ళండి, కానీ తినేది బయట. స్టేడియం దగ్గర్లోనే యాగీ పార్క్ అని 2022లో తెరిచారు, చెరువూ చెట్లూ పచ్చిక, గేమ్ రోజు జనం టెంట్లేసుకుని పొద్దుట్నుంచీ అక్కడే ఉంటారు, ఓ పక్కన దుప్పటి పరుచుకుని కూలర్ తెరిస్తే ఎవరూ ఏమీ అనరు, పైగా పక్క టెంట్‌వాళ్ళు హౌడీ అని పలకరించి ఏంటది అని అడుగుతారు. లోపల వెజ్ అంటే నాచోస్, ప్రెట్జెల్, పాప్‌కార్న్ అంతే అనుకోండి. ఊళ్ళో తిండికి ఇబ్బంది లేదు, ఇండియన్ రెస్టారెంట్లూ గ్రోసరీ షాపులూ ఉన్నాయి, ఎక్కడ బాగుందో ఈ సెమిస్టర్ సంగతి మీ తమ్ముణ్ణి మించి ఎవరికీ తెలీదు. నాన్‌వెజ్ తినేవాళ్ళకైతే లేన్స్ చికెన్ ఫింగర్స్, 1994లో ఇక్కడే మొదలైంది.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా ఫ్రిస్కోలో బయల్దేరండి, రెండు దాటితే డల్లాస్ ట్రాఫిక్‌లోనే గంట పోతుంది. ఐ-45 మీద ఎన్నిస్‌లో బకీస్ అనే పెద్ద గ్యాస్ స్టేషన్ ఉంది, మళ్ళీ మ్యాడిసన్‌విల్‌లో ఇంకోటి ఉంది, బాత్‌రూములు శుభ్రంగా ఉంటాయి కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఆ రెండూ గుర్తుపెట్టుకుంటే చాలు. మ్యాడిసన్‌విల్ దగ్గర హైవే 21 పట్టుకుంటే బ్రయాన్ మీదుగా వచ్చేస్తారు. నాలుగు నాలుగున్నరకి చేరితే చీకటి పడేలోపు బాన్‌ఫైర్ మెమోరియల్‌కి వెళ్ళండి. టెక్సాస్ గేమ్‌కి ముందు దుంగలు పేర్చి పెద్ద మంట వేసేవాళ్ళు అక్కడి పిల్లలు, దశాబ్దాల ఆచారం, 1999 నవంబర్ 18 తెల్లవారుజామున ఆ దుంగల గుట్ట కూలి పన్నెండు మంది చనిపోయారు, ఇరవై ఏడు మందికి దెబ్బలు తగిలాయి. చుట్టూ వలయంలా కట్టి పన్నెండు ద్వారాలు పెట్టారు, ఒక్కో ద్వారం ఒక్కో పిల్లాడిదో పిల్లదో సొంతూరి దిక్కుకి తిరిగి ఉంటుంది. పగలు గేమ్ హడావిడిలో అక్కడికి వెళ్ళబుద్ధి కాదు, అందుకే ముందు రోజు చెప్తున్నా.

రాత్రి పెద్దవాళ్ళని హోటల్లో పడుకోబెట్టి మీరిద్దరూ తమ్ముడితో మిడ్‌నైట్ యెల్‌కి వెళ్ళండి. టికెట్ లేదు, ఊరికే వెళ్ళొచ్చు. అర్ధరాత్రి స్టేడియంలోకి వేల మంది వచ్చి రేపటి అరుపులు ఇప్పుడే ప్రాక్టీస్ చేస్తారు, నిజంగానే ప్రాక్టీస్. ఇక్కడ చీర్‌లీడర్లు ఉండరు, తెల్ల బట్టలేసుకున్న అయిదుగురు యెల్ లీడర్లు చేతులతో సైగలు చేస్తే దాన్నిబట్టి అందరూ ఒకేసారి అరుస్తారు. చివర్లో లైట్లన్నీ ఆపేస్తారు, జంటలుగా వచ్చినవాళ్ళు ముద్దులు పెట్టుకుంటారు, ఒంటరిగా వచ్చినవాళ్ళు లైటర్ వెలిగిస్తారు. ఇప్పుడు తెలిసిందిగా అత్తయ్యగారిని ఎందుకు పడుకోబెట్టమన్నానో. (గేమ్‌లో వీళ్ళు పాయింట్లు కొట్టినప్పుడు కూడా స్టూడెంట్ సైడ్ ఇదే సీను, వాళ్ళకి వేరే వైపు టికెట్ కొనమనడానికి అదీ ఒక కారణమే.)

శనివారం ఎలా ఉంటుందన్నది కిక్ఆఫ్‌ని బట్టి, కానీ ఎప్పుడైనా సరే గేమ్‌కి కనీసం మూడు గంటల ముందు క్యాంపస్‌లో ఉండండి. పార్కింగ్ పాస్ ముందే ఆన్‌లైన్లో కొనుక్కోండి, చుట్టుపక్కల కాలనీల్లో వీధి మీద పెడితే టో చేస్తారు. అందరూ మెరూన్ వేసుకుంటారు, అత్తయ్యగారు మెరూన్ చీర కట్టుకుంటే మీకంటే ఆవిడకే ఎక్కువ ఫోటోలు వస్తాయి చూడండి, ఆరెంజ్ మాత్రం పొరపాటున కూడా వద్దు, అది లాంగ్‌హార్న్స్ రంగు. మెమోరియల్ స్టూడెంట్ సెంటర్‌లో ఏసీ, సోఫాలు, బాత్‌రూములు ఉంటాయి, పెద్దవాళ్ళకి కాసేపు విశ్రాంతి. అది యుద్ధాల్లో పోయిన అక్కడి విద్యార్థుల జ్ఞాపకంగా కట్టిన బిల్డింగ్, లోపల టోపీ తీసెయ్యాలి, చుట్టూ ఉన్న గడ్డి మీద నడవకూడదు, మామయ్యగారి క్యాప్ సంగతి, బాబు పరుగుల సంగతి మీరే చూసుకోవాలి. బాబుకి రెవెలీ గురించి చెప్పండి, కోలీ జాతి కుక్క, వీళ్ళ మస్కట్, క్యాడెట్ల కోర్‌లో (అక్కడ మిలటరీ పద్ధతిలో శిక్షణ తీసుకునే విద్యార్థుల దళం) దానికే పెద్ద ర్యాంకు, దాని క్యాడెట్ మంచం మీద అది పడుకుంటే వాడు కింద పడుకోవాలి. పాత రెవెలీల సమాధులు స్టేడియం ఉత్తరం వైపు ఉన్నాయి, స్టేడియం పెంచినప్పుడు వాటికి స్కోరు కనిపించకుండా పోయిందని బయట వాటి కోసమే ఒక చిన్న స్కోర్‌బోర్డు పెట్టారు. పిల్లలకి గేమ్ కంటే ఇదే ఎక్కువ గుర్తుంటుంది.

గేమ్‌కి గంటన్నర ముందు అటూ ఇటూగా క్యాడెట్ల కోర్ కవాతు చేసుకుంటూ స్టేడియంలోకి వెళ్తుంది, యూనిఫామ్‌లో, బూట్ల చప్పుడుతో. మామయ్యగారి వయసువాళ్ళకి రిపబ్లిక్ డే పెరేడ్ అంటే ఎంత ఇష్టమో తెలుసుగా, ఆ టైమ్ తెలుసుకుని రోడ్డు పక్కన నీడలో ముందే నిలబడండి.

ఆట అర్థం కావడానికి పెద్ద చదువక్కర్లేదు. క్రికెట్‌లో ఓవర్‌కి ఆరు బంతులున్నట్టు ఇక్కడ నాలుగు ఛాన్సులు, ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు ఇస్తారు, లేకపోతే బాల్ అవతలివాళ్ళకి. చివరిదాకా మోసుకెళ్తే ఆరు పాయింట్లు, ఆ తర్వాత బాల్‌ని కర్రల మధ్యకి తన్నితే ఇంకోటి, మధ్యలోంచే కర్రల మధ్యకి తన్నితే మూడు. ఇంత చాలు. ముఖ్యంగా చెప్పాల్సింది ఏంటంటే మనవాళ్ళ దగ్గర బాల్ ఉన్నప్పుడు అరవకూడదు, వాళ్ళ మాట వాళ్ళకి వినపడాలి, అవతలివాళ్ళ దగ్గర ఉన్నప్పుడే గోల. కొత్తవాళ్ళు దీన్ని తిరగేసి చేస్తారు, చుట్టుపక్కలవాళ్ళు నవ్వుతారు. మనవాళ్ళు పాయింట్లు కొడితే ఫిరంగి పేలుస్తారు, బాబుకి చెవులకి పెట్టుకునే మఫ్స్ తీసుకెళ్ళండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

హాఫ్‌టైమ్‌లో అందరూ బాత్‌రూమ్‌కీ తిండికీ లేస్తారు, మీరు లేవకండి. ఏ అండ్ ఎమ్ బ్యాండ్ అంటే నాలుగు వందల మంది దాకా మిలటరీ యూనిఫామ్‌లో, ఒకళ్ళలోంచి ఒకళ్ళు అడ్డంగా దాటుకుంటూ వెళ్తారు, ఎవరూ ఎవరికీ తగలరు. బాత్‌రూమ్‌కి రెండో క్వార్టర్ అయిపోయే ముందే వెళ్ళొచ్చెయ్యండి. వార్ హిమ్ అనే వాళ్ళ పాట పాడేటప్పుడు అందరూ భుజాల మీద చేతులేసుకుని అటూ ఇటూ ఊగుతారు, పై డెక్ కాస్త కదిలినట్టు తెలుస్తుంది, భయపడక్కర్లేదు, అది మామూలే.

మూడో క్వార్టర్ అయ్యేసరికి పెద్దవాళ్ళకి నడుం నొప్పులు మొదలవుతాయి, చిన్న గేమ్ అయితే స్కోర్ కూడా తేలిపోయి ఉంటుంది, మీవారు వాళ్ళని తీసుకుని బయల్దేరిపోతే ట్రాఫిక్ ముందే దాటేస్తారు, మీరు తమ్ముడితో చివరిదాకా ఉండి నడుచుకుంటూ రావచ్చు. గేమ్ అయ్యాక పోలీసులు కొన్ని రోడ్లు వన్‌వే చేస్తారు, జీపీఎస్ చెప్పే దారి ఉండదు, వాళ్ళు ఎటు చెయ్యి చూపిస్తే అటే పోవాలి.

ఆదివారం నింపాదిగా లేచి జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ లైబ్రరీ చూసుకుని బయల్దేరండి, తెరిచే టైమ్ ముందే చూసుకోండి. ఆయనా బార్బరా బుష్ సమాధులు అక్కడే ఉన్నాయి, 2018 డిసెంబర్‌లో ఆయన పార్థివదేహాన్ని తీసుకొచ్చిన నీలం రంగు 4141 రైలింజన్ కూడా అక్కడే పెట్టారు, బాబు దాన్ని వదిలి రాడు, దానికో అరగంట వేరే వేసుకోండి.

మీ తమ్ముడికి స్పోర్ట్స్ పాస్ ఉందో లేదో ముందు కనుక్కోండి, తేదీ ఖాయం అయ్యాక ఇక్కడే చెప్పండి, మోకాళ్ళ నొప్పికి తగ్గట్టు ఏ గ్యారేజ్ దగ్గరో చూసి చెప్తా.